సముద్రానికి తలంటు

ఆ రోజు పొద్దున మర్దన మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. సెలూన్లో కిటికీ పక్క కుర్చీకి రెక్సిన్ చిరిగింది, దానికి అతుకు వేయించాలి. షట్టరు పైకెత్తి, అద్దాలు తుడిచి, అలవాటు కొద్దీ రోడ్డుకి అవతలి షాపు వైపు ఒక చూపు విసిరారు. ఆ చూపు అక్కడే ఇరుక్కుపోయింది.

అవతలి షాపు ఆయన సొంత బావమరిదిది. కత్తెర పట్టడం దగ్గర్నుంచి కబుర్లు చెప్పడం దాకా అన్నీ మాస్టారి దగ్గరే నేర్చుకుని, చివరికి మాస్టారికి ఎదురుగానే ఏసీ పెట్టించి షాపు తెరిచాడు. దాన్ని మాస్టారు ఎలాగో దిగమింగారు. కానీ ఇప్పుడు ఆ షాపులో నేల మీది జుట్టంతా ఊడ్చి, బంగారు రజనేమో అన్నంత జాగ్రత్తగా సంచిలోకి ఎత్తుతున్నది మాస్టారి కూతురు. కాలేజీలో చదివే ఆ పిల్లకి ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో కూడా తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూనే భార్యని నిలదీశారు.

"మీ తమ్ముడికి పనివాళ్ళు దొరకట్లేదా? నా కూతురి చేత ఊడిపిస్తున్నాడు!"

"ఊడవడం కాదండీ, అది సముద్రం కోసం," అంది ఆవిడ కంచం ముందుకు జరుపుతూ.

పోయిన ఏడాది ఒక ఓడలోంచి నూనె కారి ఒడ్డున రాళ్ళన్నీ నల్లబడ్డాయి. రెక్కలు అంటుకుపోయిన పక్షుల్ని చూసి కాలేజీ పిల్లలు ఒక దళం కట్టారు. జుట్టుకి నూనెని పట్టుకునే గుణం ఉంది. కత్తిరించిన జుట్టుని పాత నైలాన్ మేజోళ్ళలో కూరి, పొడుగాటి దిండ్లు చేసి నీళ్ళ మీద పరిస్తే తెట్టులా తేలే నూనెని పీల్చేస్తాయి. ఆదివారం హార్బర్లో సాధన. మాస్టారి కూతురే దళానికి నాయకురాలు.

"అడగ్గానే జుట్టిచ్చాడని మా తమ్ముణ్ణి స్టేజీ ఎక్కించి పతకం కూడా వేస్తారట," అని ముగించిందావిడ మురిసిపోతూ.

మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయితే నా షాపులో నేల మీద రాలేది ఏంటి? జుట్టు కాదా? పీచా?"

సాయంత్రం కూతురే షాపుకి వచ్చింది. "నాన్నా, మన షాపు జుట్టు సంగతి..."

"జుట్టు గురించి నాకా నువ్వు చెప్పేది? ఆదివారానికి చూడు."

"అది కాదు నాన్నా, మన దగ్గర..."

"చూడమన్నానా!"

ఆ పిల్ల భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారు ఆదివారం దాకా కటింగు ఉచితమని వీధంతా చాటించారు. గంట తిరక్కుండా బావమరిది తన షాపులో కటింగుతో పాటు వేడి తువ్వాలు కూడా ఉచితమన్నాడు. జనం రోడ్డు దాటి అటు వెళ్ళారు. కడుపు మండిన మాస్టారు ఆఖరి అస్త్రం తీశారు. కటింగుకి ముందు మర్దన, గిన్నెడు నూనెతో, ఉచితం.

ఆయనకా పేరు ఊరికే రాలేదు. నిమ్మగడ్డి వేసి తనే కాచుకున్న నూనెతో ఆయన వేళ్ళు తల మీద ఆడితే, కోర్టులో దావా నడుస్తున్నవాడు కూడా గురక పెడతాడు. జనం విరగబడ్డారు. మొన్ననే కటింగు చేయించుకున్నవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు. నున్నటి బట్టతల ఉన్న రిటైరైన పోస్ట్‌మాన్ కుర్చీలో కూర్చుని లేవనన్నాడు. "జుట్టు లేకపోవడం నా తప్పా? మర్దన మాత్రం వదులుకోను," అన్నాడు. మాస్టారు మర్దించి, మనశ్శాంతి కోసం అతని మీసం కత్తిరించి సంచిలో వేసుకున్నారు.

శనివారం ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, "జుట్టు సంగతి ఒకసారి చూద్దామని వచ్చానండీ," అన్నాడు.

"చూడ్డానికేముంది, కూర్చోండి!" అని మాస్టారు ఆయన్ని కుర్చీలోకి నెట్టి మెడకి గుడ్డ కట్టేశారు. ఆయన హార్బర్ ఆఫీసరనీ, పిల్లలకిచ్చే జుట్టు శుభ్రంగా, పొడిగా ఉందో లేదో తనిఖీ చేయడానికి వచ్చాడనీ మాస్టారికి తెలియదు. చెప్పడానికి ఆఫీసరు నోరు తెరిచేలోపే పది వేళ్ళూ తల మీద పడ్డాయి. తెరిచిన నోరు ఆవలింతై, ఆవలింత గురకైంది.

ఆయన ఎడమ చెవి పక్క వెంట్రుకల్ని ఏళ్ళ తరబడి పెంచి, బట్టతల మీదుగా కుడి చెవి దాకా పరుచుకునేవాడు. లేచి అద్దంలో చూసుకునేసరికి ఆ కప్పు కాస్తా ఎగిరిపోయింది.

"ఇక్కడ... నాకు... ఉండాలే!"

"సంచిలో ఉందండీ. రేపు సముద్రానికి వెళ్తుంది," అన్నారు మాస్టారు గర్వంగా.

ఆఫీసరు టోపీ కనుబొమల దాకా లాక్కుని, వచ్చిన పని మరిచి, వీధి చూడకుండా పారిపోయాడు.

దిండ్లు కుట్టే పని కూడా మాస్టారు ఎవరికీ వదల్లేదు. ఆలుమగలిద్దరూ కూర్చుని కూరారు. ప్రతి దిండు మీదా షాపు పేరు పెద్దక్షరాలతో రాశారు. ఆదివారం బండి దిగిన ఆ గుట్టని చూసి కూతురు తెల్లబోయింది.

"ఇన్నా! నాన్నా, వీటిని ఆఫీసర్ గారు తనిఖీ చేశారా?"

మాస్టారు ఆ పిల్ల చూపించిన టోపీ మనిషిని గుర్తుపట్టారు. "ఆయనా? నిన్న మన షాపుకొచ్చి చాలాసేపు ఉన్నారు!"

"హమ్మయ్య," అందా పిల్ల.

సాధన మొదలైంది. నీళ్ళలో నూనె ఏమీ లేదు. ఉన్నట్టు అనుకుని, పిల్లలు పడవల్లో వెళ్ళి దిండ్లు పరవాలి, అంతే. ఒక పక్క బావమరిది దిండ్ల వరస, పక్కనే దానికి రెండింతలున్న మాస్టారి వరస. "చూశావా పొడుగు?" అని మాస్టారు భార్యని మోచేత్తో పొడిచారు.

అంతలో ఆయన దిండ్ల చుట్టూ నీళ్ళు రంగులు తిరగసాగాయి. ఊదా, పసుపు, ఆకుపచ్చ.

"లీకు! నిజం లీకు!" అని ఆఫీసరు ఈల ఊదాడు. సైరన్ మోగింది. "ఏ ఓడది? ఎవరు వదిలారు?" డెక్కు మీద తాపీగా టీ తాగుతున్న ఒక ఓడ కెప్టెన్ని ఒడ్డు మీది జనమంతా తిట్టసాగారు. అతను కప్పు విసిరేసి ఎదురు తిట్లు లంకించుకున్నాడు.

మాస్టారి కూతురు మాత్రం తొణకలేదు. "మావయ్య దిండ్లు ఇటు లాగండి! చుట్టూ తిప్పండి, ఖాళీ వదలొద్దు!"

ఆ మాట మాస్టారి గుండెల్లో గునపంలా దిగింది. "మావయ్యవెందుకే? నావి లేవూ?" అంటూ ఒడ్డున మిగిలిన తన దిండ్లన్నీ ఒక్కొక్కటే నీళ్ళలోకి విసిరేశారు. విసిరిన చోటల్లా కొత్త తెట్టు విచ్చుకుంది.

"నాన్నా, ఆపు!" ఆ పిల్ల పడవలోంచి వంగి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఇది ఓడ నూనె కాదు. నిమ్మగడ్డి."

ఒడ్డు మీది జనమంతా ఒక్కసారి తమ తలలు తడుముకున్నారు.

పిల్లలు మాస్టారి దిండ్లన్నీ పైకి లాగి, తెట్టుని బావమరిది దిండ్లతో ఆఖరి చుక్క దాకా పీల్చాకే ఒడ్డెక్కారు. మాస్టారు బండి చాటున కూలబడ్డారు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రోజు చెబుదామనే వచ్చాను నాన్నా. మన షాపు జుట్టు ముందే కడుపునిండా నూనె తాగి ఉంటుంది. ఇంక కొత్తగా ఏం తాగుతుంది? అందుకే మావయ్యని అడిగాను."

"మరి గట్టిగా చెప్పొద్దూ?"

"నువ్వు విన్నావా?"

అంతలో ఆఫీసరు స్టేజీ ఎక్కాడు. ముందు కెప్టెన్ని చేతులు జోడించి క్షమాపణ అడిగాడు. "లీకైనట్టు అనుకుని చేసే సాధనలో పిల్లలు నవ్వుతూ తిరుగుతారు. ఇవాళ నిజం లీకని నమ్మారు. ఒక్క చుక్క హార్బరు దాటనివ్వలేదు. పతకం ఈ దళానికే," అన్నాడు. మెడ ముందుకు చాచి సిద్ధంగా ఉన్న బావమరిది, మెల్లిగా మెడ వెనక్కి తీసుకున్నాడు. ఇకమీదట మర్దన మాస్టారి షాపు జుట్టు సబ్బుతో కడిగి ఆరబెట్టాకే తీసుకోవాలని కూడా ఆఫీసరు ఆజ్ఞాపించాడు.

సోమవారం పొద్దున్నే దళమంతా తొట్లతో, సబ్బులతో మాస్టారి షాపు వెనక దిగింది. చేతులు పైకి మడిచి జుట్టు ఉతుకుతున్న కూతుర్ని మాస్టారు పని మానుకుని మరీ చూశారు. ముందు గదిలో కుర్చీ ఖాళీ లేదు. హార్బరు దాకా వాసన కొట్టిన ఆ నూనె తమకీ కావాలని వచ్చినవాళ్ళ వరస వీధి మలుపు తిరిగింది. అందులో మొదటి మనిషి టోపీ పెట్టుకున్నాడు.

ఎదురుగా బావమరిది ఏసీ వేసుకుని, చేతులు కట్టుకుని, మేనకోడలు పనిచేస్తున్న వైపే చూస్తూ నిలబడ్డాడు. తన షాపులో నూనె వాడకం అసలు లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు; వచ్చింది ఇద్దరే, వాళ్ళు కూడా ఎదురు షాపు లైను ఎక్కడ మొదలవుతుందో అడగడానికి.