ఫిజిక్స్ మేడమ్ కుర్చీ

బడి గేటు దాటగానే మాబున్నీ మాయమవుతుంది, సాయంత్రం బయటికొస్తే మళ్లీ కనిపిస్తుంది; బొమ్మలమిట్ట హైస్కూల్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఆమె చేరింది కొరత సబ్జెక్టు టీచర్ల రుణమాఫీ కింద. ఫిజిక్సుకు మనిషి దొరకని ఊళ్లో ఐదేళ్లు పాఠం చెబితే, చదువుకోసం బ్యాంకులో చేసిన అప్పు రద్దవుతుంది. షరతేమిటంటే ఆ ఐదేళ్లూ కొరత ఉండాలి. టీచరు కళ్లెదుట నిలబడితే ఇంక కొరతేముంది? కాబట్టి కనిపించకూడదు. ఈ ఉత్తర్వు రాసినవాళ్లు తర్కం బాగా చదువుకున్నారు. బడి మొహం చూసినట్టు లేదు.

గొంతు మాత్రం వినిపించవచ్చు. గొంతుకు పోస్టు మంజూరు కాలేదు గనక దానిమీద ఎవరికీ అభ్యంతరం లేదు. సుద్దముక్క దానంతటదే బోర్డు మీద నడిచేది, పిల్లలు రాసుకునేవాళ్లు.

"మీ క్లాసే బాగుంటాది మేడమ్," అంది సుంకమ్మ ఒకసారి. ఆరో తరగతి నుంచి ఆమె దగ్గర చదివి పదికొచ్చిన పిల్ల. "తెలుగు సారు అడ్డం నిలబడుకుంటాడు. మీరైతే బోర్డంతా కనిపిస్తాది."

క్లాసంతా నవ్వింది. మాబున్నీ కూడా నవ్వింది. ఆ నవ్వెక్కడుందో వెతుకుతూ పిల్లలు కిటికీ వైపు చూశారు.

గేటు బయట ఇంకో షరతు. కనిపించేచోట ఆమె టీచరని తెలియకూడదు, పిల్లలతో పలకకూడదు. పొద్దున అందరూ ఒకే బస్సు దిగేవాళ్లు. ఆమెను అంగన్‌వాడీ ఆయమ్మ అనుకునేవాళ్లు. "జరుగక్కా, బెల్లు కొడ్తారు," అని సుంకమ్మ ఆమె భుజాన్ని తోసుకుని పరిగెత్తేది. వాళ్లంతా లోపలికి పోయాకే మాబున్నీ గేటు దాటేది. వీళ్లలో ఒక్కరు, ఒక్కసారి, తన మొహంలోకి చూసి మేడమ్ అనాలి. అంతకుమించి ఆమెకు ఏ ఆశా లేదు. కానీ గుత్తిలో పరుపులు కుట్టే నాయన కుళ్లాయప్ప, ఉన్న ఒక్క ఇంటినీ ఆ అప్పుకు జామీను పెట్టాడు. ఆశ మింగడం ఆమెకు అలవాటైపోయింది.

ఐదో ఏడు చివర తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసి హెడ్మాస్టరు ఓబుళయ్య పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "ఫిజిక్స్ ఎవరు చెప్తారని అడుగుతాడు. ఎవురూ ల్యారు అని చెప్పల్ల. నోరు జారితే మేడమోళ్ల ఇల్లు పోతాది."

అధికారి నీళ్ల గ్లాసులో పెన్సిలు వేసి, ఎందుకు విరిగినట్టుందని సుంకమ్మను అడిగాడు.

"నీళ్లలోంచి గాల్లోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతాది సార్. పెన్సిలు బాగానే ఉండాది. మన కంటికే అట్ల."

"చక్కగా చెప్పావు. ఎవరు నేర్పించారు?"

మాబున్నీ ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. చెప్పొద్దు తల్లీ అనుకుంది. చెప్పవే అని కూడా అనుకుంది.

"ఎవురూ ల్యారు సార్," అంది సుంకమ్మ. కళ్లు తుడుచుకుంది. సుద్దపొడి పడిందట.

ఆ వారమే పదో తరగతి గ్రూపు ఫొటో. టీచర్ల వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉందని ఫొటో అతను తీసెయ్యబోయాడు. "ఉండనీన్నా," అంది సుంకమ్మ, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని. మాబున్నీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. కొంగు సర్దుకుంది.

ఉత్తర్వు వచ్చింది. కొరత రుజువైంది గనక అప్పు రద్దు. టీచరు లేకుండానే పిల్లలు ఇంత బాగా చెబుతున్నారు గనక ఈ బడికి ఫిజిక్స్ పోస్టు అనవసరం, అదీ రద్దు. రేపటినుంచి ఆమె బడిలో కనిపించవచ్చు. రేపటినుంచి ఆమెకు బడిలో పనిలేదు. ఆమె అక్కడ టీచరుగా పనిచేసిందని ఎప్పుడు ఎవరు గుర్తుపట్టినా అప్పు మళ్లీ లేచి నిలబడుతుంది. ఓబుళయ్య అంతా చదివి, పక్కనున్న ఖాళీ వైపు తిరిగి, "శుభమే కదా మేడమ్," అన్నాడు.

సాయంత్రం బస్టాపు బెంచీ మీద మాబున్నీ కూర్చుని ఉంది.

"జరుగక్కా," అని సుంకమ్మ పక్కన కూర్చుంది. చేతిలో ఫొటో. కాసేపు తనే చూసుకుంది. ఎవరికన్నా చూపించకుండా ఉండలేక అటు తిప్పింది. "సూడక్కా, మా ఫిజిక్స్ మేడమ్," అని ఖాళీ కుర్చీ మీద వేలు పెట్టింది. "రేపట్నుంచి రాదంట. ఎట్ల చెప్తాదనుకున్నావు!"

మాబున్నీ చూసింది. ఫొటోలో ఒక్క పిల్లా కెమెరా వైపు చూడటంలేదు. అందరూ ఆ కుర్చీనే చూస్తున్నారు. బాగుందన్నట్టు తలాడించింది. నోరు విప్పితే గొంతు తెలిసిపోతుంది.

సుంకమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

"నువ్వేమన్నా సదువుకున్న్యావా అక్కా?"

మాబున్నీ తల అడ్డంగా ఊపింది.