పెరిగాక సరిపోయే కెమెరా

మొదటి కెమెరా కొందామనుకుంటున్నారా? చాలా సంతోషం. అలా అనుకుంటూనే ఉండండి. పొరపాటున కూడా కొనకండి!

కెమెరా కొన్నవాడికి ఒక్క కెమెరానే ఉంటుంది. కొనబోయేవాడికి లోకంలో ఉన్న కెమెరాలన్నీ ఉంటాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మీకు ఊరికే చెప్తున్నాను.

నేను చదివింది మూడో తరగతి. బట్టలు కుట్టింది నలభై ఆరేళ్లు. చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు, బడిపిల్లల యూనిఫారాలు. మిషను ఆపేసి రెండేళ్లయింది. ఎందుకు ఆపేశావని ఎవరైనా అడిగితే రెడీమేడ్‌లు వచ్చి మా పని తినేశాయని చెప్తాను. పాపం అంటారు. రెడీమేడ్‌లు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటిందని ఇంతవరకూ ఒక్కరికీ తట్టలేదు.

ఇదంతా నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాట నిదానం. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య తను గోళ్లు కత్తిరించుకుంటోంది.

ఇంతకీ ఈ వయసులో నాకు కెమెరా ఎందుకు? మా వదిన కోసం.

వదినంటే మా ఆవిడకి అక్క. డెబ్భై ఆరేళ్లు. వాళ్లింట్లో గోడలన్నీ చెమ్మెక్కాయని పగలగొట్టించి మళ్లీ కట్టిస్తోంది. మూడు వారాల్లో అయిపోతుందన్నాడు మేస్త్రీ. ఆ మాట నమ్మి చేతిసంచీతో మా ఇంటికొచ్చింది. మేస్త్రీ నోట మూడు వారాలంటే ఏడు నెలలని నేను మీకు చెప్పక్కర్లేదు.

వచ్చిన వారంలోనే అక్కాచెల్లెళ్లిద్దరూ పాత పెట్టె తెరిచి ఫోటోలన్నీ మంచమ్మీద పరిచారు. ఒకదాంట్లో వదిన ఉంటే మా ఆవిడ వంటింట్లో ఉంది. ఇంకోదాంట్లో మా ఆవిడ ఉంటే వదిన పురిటికి వెళ్లింది. ఇద్దరూ ఉన్న ఒకే ఒక్క గ్రూప్ ఫోటోలో వదిన ముఖానికి అడ్డంగా ఎవరిదో మోచెయ్యి!

"మనిద్దరికీ కలిపి ఒక్క ఫోటో లేదే!" అంది వదిన.

మనవరాలు టక్కున ఫోన్ తీసింది. ఒక్క క్షణం ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. నేను ఊరుకుంటానా?

"ఆగమ్మా! ఫోన్‌లో తీసేదీ ఒక ఫోటోనా? రెడీమేడ్ చొక్కాలా? నేను కెమెరా కొని తీస్తాను. కొలిచి కుట్టినట్టు ఉండాలి!" అన్నాను.

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. వదిన నా వంక గౌరవంగా చూసింది. యాభై ఏళ్ల బంధుత్వంలో అలా చూడటం అదే మొదలు. ఆ గౌరవం పాడవకూడదని, ఆ రోజు నుంచి వాళ్లిద్దరినీ కలిపి ఎవరి ఫోన్‌లోనూ తీయనివ్వలేదు.

మర్నాడే కొట్టుకెళ్లాను. లెన్స్ మార్చుకునే రకం, అచ్చమైన కెమెరా కావాలన్నాను. కొట్టతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఒకటి బల్లమీద పెట్టాడు. "ఇది ఎంట్రీ లెవెల్ పెద్దాయనా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి. కానీ ఆరు నెలల్లో మీకిది చిన్నదైపోతుంది. మీరు ఎదుగుతారు కదా!"

చూశారా! డెబ్భై నాలుగేళ్లకి నేను ఇంకా ఎదుగుతానని చెప్పిన మొదటి మనిషి! మా డాక్టరు ఏ రోజైనా అన్నాడా ఈ మాట?

నాకీ లెక్క బాగా తెలుసు. పిల్లాణ్ణి తీసుకొచ్చిన తల్లి "కాస్త వదులుగా కుట్టన్నా, ఎదిగే పిల్లాడు" అంటుంది. కింద రెండంగుళాల బట్ట మడిచి కుట్టేవాణ్ణి. ఏడాదికి మడత విప్పేసేవాణ్ణి. అందుకే అడిగాను: "ఇందులో లోపల బట్టేమైనా వదిలారా బాబూ? తర్వాత విప్పుకోవచ్చా?"

అతను దాని పై రకం చూపించాడు. అది ఏడాదికి చిన్నదవుతుందట. దాని పైది చూపించాడు. అది నాకిప్పుడు మరీ పెద్దదట. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య అచ్చం నా కొలతకే చేసిందొకటి ఉందట. వచ్చే నెల వస్తుందట! వచ్చే నెల వెళ్లాను. దానికన్నా మంచిది ఆ పై నెల వస్తోంది. ఇంత ఆశ పెట్టే వ్యాపారం ఇంకోటుందా, మీరే చెప్పండి!

ఇక లెన్స్‌ల సంగతి. కెమెరాతోపాటు వచ్చేదాన్ని కిట్ లెన్స్ అంటారు. పద్దెనిమిది నుంచి యాభై అయిదు దాకా తిరుగుతుంది. అది అల్లుడి వెంట వచ్చిన తమ్ముడిలాంటిది. అన్ని పనులకీ పనికొస్తాడు, ఎవరూ మర్యాద చెయ్యరు. మనవరాలి ఫోన్‌లో ఒక కుర్రాడు దాన్ని చెత్తబుట్టలో పారేయమన్నాడు. ఇంకో కుర్రాడు అదే చాలన్నాడు. మూడో కుర్రాడు ఆ ఇద్దరికీ ఏమీ తెలీదని, యాభై నంబరు లెన్స్ ఒక్కటి కొంటే వెనకున్నదంతా వెన్నలా కరిగిపోతుందని చెప్పాడు.

నిజమే, కరుగుతుంది. కానీ దానికి జూమ్ లేదు. మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. టేపు తీసి మా గది కొలిచాను. కిటికీ కింది బెంచీకీ ఎదురు గోడకీ ఏడడుగుల నాలుగంగుళాలు. బెంచీ మీద ఇద్దరూ మోకాళ్ల దాకా పడాలంటే నేను గోడ అవతల, పక్కింటివాళ్ల బాత్రూంలో నిలబడాలి!

సరే, రెండు లెన్స్‌ల కిట్ తీసుకోమన్నారు. ఆ రెండోది చాలా పొడుగు. దాంతో మా గదిలో ఫోటో తీస్తే వదిన ముక్కు మీద పుట్టుమచ్చ ఒక్కటే పడుతుంది. మా ఆవిడని పిలవాల్సిన పనే ఉండదు.

కిట్‌తోపాటు సంచీ ఉచితం అన్నారు. తిరగేసి చూశాను. అడుగున డబుల్ కుట్టు లేదు! బరువు మోసే చోట ఒంటి కుట్టు వేసినవాళ్లు కెమెరా మాత్రం ఏం సరిగ్గా చేసుంటారు? సంచీ కోసం కెమెరాని తిరగ్గొట్టిన మనిషిని నేనొక్కణ్ణేనని కొట్టతను నలుగురికీ చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనివ్వండి.

ఈ ఎంపిక వల్ల నాకెన్ని లాభాలో! పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరికింది. ఇంట్లో బల్బు మార్చమని, కుళాయి చూడమని ఎవరూ అడగరు. "తాత కెమెరా చూసుకుంటున్నాడు" అంటారు, పరీక్షకి చదివే పిల్లాడి గురించి అన్నట్టు. వీధిలో పేరొచ్చింది. పళ్ల డాక్టరు గుమస్తా నన్నడిగి కెమెరా కొన్నాడు. మా పాత కొట్టు పక్కన ఇస్త్రీ చేసే ఆయనా నన్నడిగే కొన్నాడు. నేను మూడుసార్లు వద్దన్న ఎంట్రీ లెవెల్ కెమెరానే, అదే కిట్ లెన్స్‌తో. ఇప్పుడు ఇస్త్రీ లేని రోజుల్లో పెళ్లిళ్లకి తీస్తున్నాడు. నేను మాత్రం తొందరపడలేదు!

ఇలా నేను జ్ఞానం సంపాదిస్తుంటే, ఆ అక్కాచెల్లెళ్లు ప్రతి ఆదివారం తలదువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని కిటికీ కింద బెంచీ మీద కూర్చునేవాళ్లు. పదకొండు గంటలకి అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పింది నేనే మరి.

"ఏమండీ, ఇవాళైనా తెచ్చారా?"

"లెన్స్ విషయం ఇంకా తేలలేదు."

"మరిదీ, నాకున్నవి మూడు పళ్లు. అవైనా ఉండగా తీస్తావా?" అనేది వదిన.

"కొత్తది వచ్చే నెల వస్తోంది వదినా."

"వస్తుందిలే. అది వచ్చేసరికి నేనుండాలిగా!"

ఇద్దరూ పకపకా నవ్వేవాళ్లు. పన్నెండయ్యేసరికి లేచి వంటకి వెళ్లిపోయేవాళ్లు.

ఒకసారి కొట్టతను నా చేతికి కెమెరా ఇచ్చి, "తీసి చూడండి పెద్దాయనా" అన్నాడు. కన్ను పెట్టి బల్ల మీది పూలకుండీని తీశాను. వెనక అద్దంలో బొమ్మ వచ్చింది. ఒక కుండీ మూడు కుండీలైంది. మళ్లీ తీశాను. ఈసారి అసలు కుండీయే లేదు, నీళ్లలో రంగు కలిపినట్టుంది.

కొట్టతను నా చేతుల వంక చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "ఇది మీ తప్పు కాదు సార్. లెన్స్ తప్పు. షేక్ తగ్గించే లెన్స్ వేరే ఉంది" అన్నాడు.

అయ్యలారా, అమ్మలారా, నలభై ఆరేళ్లు కుట్టినవాణ్ణి నేను. పాత కోటు పట్టుకొచ్చి "బిగుతైపోయింది, ఏమిటిది?" అని అడిగినవాళ్లు ఎందరో! ఆ పొట్ట వంక చూసీ చూడనట్టు, "ఉతుకులో బట్ట ముడుచుకుపోయింది సార్" అనేవాణ్ణి. ఒక్కరికి కూడా మీరు లావయ్యారని చెప్పలేదు. ఆ అబద్ధమే ఎదురొచ్చి నన్ను సార్ అని పిలిచింది! ఎంత హాయిగా ఉందనుకున్నారు!

అప్పట్నుంచి వారానికోసారి కొట్టుకెళ్లాను. అతను ఇచ్చేవాడు, నేను తీసేవాణ్ణి, లెన్స్ తప్పయ్యేది. ఇంట్లో చెయ్యి వణికితే వయసంటారు. బ్యాంకులో వణికితే సంతకం కలవలేదంటారు. కెమెరా కొట్లో వణికితేనే ఇంకో లెన్స్ చూపిస్తారు. ఇంతకన్నా పుణ్యలోకం ఉందా?

ఇంతలో వదిన ఇల్లు పూర్తయింది. సోమవారం పొద్దున్నే ప్రయాణమంది. బస్సులో తొమ్మిది గంటల దూరం. నడుం నొప్పితో మళ్లీ ఇంత దూరం రానని, వచ్చేటప్పుడే చెప్పింది.

ఆదివారం పదకొండయింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నా చేతిలో ఏమీ లేదు. ఇస్త్రీ ఆయన మడిచిన బట్టలు ఇవ్వడానికొచ్చాడు. ఏదో పెళ్లి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో కెమెరా వేలాడుతోంది.

మా ఆవిడ అది చూసింది. "బాబూ, ఒక్కసారి అదిలా ఇవ్వు. ఆయన తీస్తారు."

"నేను తీసిపెడతానులే అమ్మా, నిమిషం పని" అన్నాడతను.

"వద్దు. ఆయన తీస్తారనే ఇన్నాళ్లూ కూర్చున్నాం."

కెమెరా నా చేతికొచ్చింది. నాకు తెలిసిన చదువంతా నోట్లోకి వచ్చేసింది. "ఇది కిట్ లెన్స్. గదిలో ఈ వెలుతురు దీనికి చాలదు. అసలు ఇలాంటి చోట షేక్ తగ్గించే..."

"ఏమండీ." మా ఆవిడ గొంతు పెంచలేదు. "కొట్టు మూసేముందు రెండేళ్లూ మీరు చేత్తో కుట్టిన కాజాలున్నాయి చూడండి. మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అవన్నీ విప్పి మళ్లీ కుట్టింది ఎవరనుకున్నారు? సూదికి కూడా లెన్స్ బాగాలేదా?"

ఇస్త్రీ ఆయన పైకప్పు వంక చూశాడు. మనవరాలు కాలి గోళ్ల వంక చూసింది. గుండీ పట్టే ఆ రంధ్రాలు ఆఖరిదాకా నేను గీత తప్పకుండా కుట్టాననే గర్వమొక్కటే మిగుల్చుకుని కొట్టు మూశాను నేను. ఇది కూడా రాయాలా తాతా అని అడుగుతోంది మనవరాలు. రాయి.

వదినే అందుకుంది. "తియ్యవయ్యా మరిదీ! వణికితే వణికింది. డెబ్భై ఏళ్లలో ఇది మాత్రం ఒక్క క్షణం కుదురుగా కూర్చుందా? పక్కన నేను కూర్చోనిచ్చానా?" అని చెల్లెలి డొక్కలో వేలు పెట్టి పొడిచింది. మా ఆవిడ కెవ్వుమంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే నొక్కేశాను.

వచ్చింది మీరనుకున్నట్టే వచ్చింది. వదినకి రెండు ముక్కులు. మా ఆవిడ చెయ్యి అలా గాలిలో సాగిపోయింది. ముఖాలు పోల్చుకోవచ్చు, అంతే. ఇంకోటి తీస్తానని ఇస్త్రీ ఆయన బతిమాలాడు. వదిన ఒప్పుకోలేదు. సాయంత్రానికి దాన్నే పెద్ద సైజులో ప్రింట్ వేయించుకొచ్చాడు. వదిన కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఇదిగో అబ్బాయ్, నీ ఇస్త్రీ పెట్టెకన్నా మా మరిది చెయ్యే నయం. మా ఇద్దరి ముఖాల మీదా ముడతన్నది ఒక్కటి లేదు చూడు!"

సోమవారం పొద్దున్న ఆ ఫోటోని రెండు దుప్పట్ల మధ్య పెట్టి పట్టుకుపోయింది.

నాకు ఏ కెమెరా మీదా ఫిర్యాదు లేదు. ఏ లెన్స్ మీదా లేదు. ఈ వణుకుడు ఫోటో మొదటి ఆదివారమే, మనవరాలి ఫోన్‌తోనే వచ్చుండేది కదా అనిపిస్తోంది, అంతే. వాళ్లు అలా తయారై కూర్చున్నవి ఇరవై తొమ్మిది ఆదివారాలు. వారానికొకటి చొప్పున వణికినా ఇరవై తొమ్మిది ఉండేవి. ఉన్నది ఒక్కటి. అది కాస్తా వదిన దగ్గరుంది.

ఇంకో ప్రింట్ వేయించుకుందామని నిన్న ఇస్త్రీ ఆయన దగ్గరికి వెళ్లాను. కార్డులోంచి చెరిపేశానన్నాడు. వణికిన ఫోటోలు ఒక్క పూట కూడా ఉంచుకోకూడదని ఆయనకి సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు?