అన్నిటికీ సరే

సూట్‌కేసుల కొట్టాయనకు ఆ ఉదయం ఉన్నది చిన్న పథకమే. పదకొండింటికి పళ్ల డాక్టరమ్మ నీలం సూట్‌కేసు తీసుకెళ్లడానికి వస్తుంది. ఆమెను కాఫీకి పిలవాలి. కొట్టుకు వచ్చినప్పుడల్లా ఆమె ప్రతి పెట్టెనూ నోరు తెరిపించి, లోపలికి టార్చి వేసి, జిప్పును ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూస్తుంది. అంత ఓపికగా సరుకు చూసే మనిషి మళ్లీ దొరకదని ఆయన లెక్క. కాకపోతే గల్లా వెనక ఉన్నంత ధైర్యం గల్లా దాటితే ఉండదు. నలభై దాటినా ఇంకా ఒంటరిగా ఉండిపోవడానికి అదే కారణం.

షట్టరు ఎత్తుతుండగా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "మొండిఘటం గారూ! మీకు తెలిసిన ఒకరు మా జతగూడు యాప్‌లో తోడు కోసం చూస్తున్నారు."

"ఎవడో దొంగవెధవ అక్కా. నా పేరు కూడా తెలీదు."

"పేరు తెలీకపోయినా మనిషి బాగానే తెలిసినట్టుందిరా," అంది బిల్లులు రాసే అక్క. "నేను మొత్తుకునేది ఆ యాప్ గురించే. చేరు. డాక్టరమ్మ కాదంటే ఏం చేస్తావ్? ఒక్క కంపెనీ సరుకు పెట్టుకుని ఎవడైనా కొట్టు నడుపుతాడా?"

అది వ్యాపారం మాట కాబట్టి ఆయనకు ఎక్కింది. యాప్ ఒక్కొక్కటే అడిగింది. మీ ఫొటోలు చూడవచ్చా? సరే. మీరు తిరిగే చోట్లు? సరే. మీ ఫోనులోని నంబర్లు? సరే.

"కాస్త చదివి నొక్కరా!"

"ఊరికే ఇస్తుంటే చదివేదేంటి?"

ఈ మాట ఎవరన్నా అనవచ్చు గానీ ఆయన అనకూడదు. కొన్న ప్రతి పెట్టెకూ చిన్న తాళం ఊరికే ఇచ్చి, బదులుగా ఫోను నంబరు చెప్పించుకునేది ఆయనే. ఆ నంబర్లను పేర్లతో దాచుకోడు, గుణాలతో దాచుకుంటాడు. ఫోను మోగగానే ఎవరి దగ్గర ఎంత గొంతు వాడాలో తెలియాలి కదా.

నిమిషంలో యాప్ ఆయన గురించి నాలుగు ముక్కలు రాసేసింది. మొదటిది, "ప్రయాణాలంటే ప్రాణం." ఫొటోల నిండా సూట్‌కేసులే మరి. ఊరు దాటి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అక్క ఇంకా నవ్వుతుండగానే ఒక పెద్దమనిషి విసురుగా లోపలికొచ్చాడు.

"‘వాపసు వీరుడు గారూ’ అని పంపుతావా? చక్రం ఊడితే వాపసివ్వక నెత్తిన పెట్టుకోవాలా? పైగా నీకు నేను తోడు కావాలా? నాకు పెళ్లయింది బాబూ!"

ఆయన్ని చల్లబరిచేలోపే కొట్టు అద్దెకిచ్చిన ఓనరు భార్యతో సహా దిగాడు.

"ఏమయ్యా, అద్దె పెంచితే నేను ముసలి జలగనా?"

"అయ్యో, అది యాప్ పంపిందండీ!"

"నేను జలగనని యాప్‌కెవరు చెప్పారు?"

ఓనరు భార్య మాత్రం మెచ్చుకోలుగా చూసింది. "ఈయనకి సరిపోయే మాట కోసం ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నా. నీకెలా తట్టింది నాయనా?"

వాళ్లు వెళ్లగానే ఆయన యాప్‌లోంచి బయటపడాలని చూశాడు. నిజంగా వెళ్లిపోతారా? సరే. కారణం తర్వాత చెబుతారా? సరే. మీవాళ్లకు కబురు చేయమంటారా? వేలు అలవాటుపడిపోయింది. సరే.

"ఒరేయ్, ఏం నొక్కావ్?"

ఈసారి అందరికీ ఇంకో సందేశం వెళ్లింది. "మీకు తెలిసిన ఒకరు మిమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నారు." వాపసు వీరుడు ఫోన్ చేసి, తొందరపడి ఏమీ చేసుకోవద్దని బతిమాలాడు.

అప్పుడు తట్టింది ఆయనకు, డాక్టరమ్మ నంబరు ఏ పేరుతో ఉందో. గడియారం వైపు చూడబోతే గుమ్మంలో ఆమే ఉంది, చేతిలో ఫోనుతో.

"జిప్పుల గండం అంటే నేనేనా?"

అక్క నీలం సూట్‌కేసు వెనక ఏదో వెతుకుతున్నట్టు వంగింది.

"తప్పయిపోయిందండీ. అది... మొదటిసారి వచ్చినప్పుడు పెట్టిన పేరు."

"పొద్దున తోడు కోసం చూస్తున్నానన్నారు. గంట తిరక్కుండా వదిలి వెళ్లిపోతున్నానన్నారు. ఏది నమ్మను?"

ఇన్నేళ్ల వ్యాపారంలో అంత చిన్న మాటకు ఆయన అంతగా ఎప్పుడూ చెమటోడ్చలేదు. "మొదటిది."

ఆమె తన ఫోను గల్లా మీద పెట్టింది. ఆయన నంబరు మీద పేరు ‘మొండిఘటం’.

"ధర తగ్గించమంటే నవ్వి తాళం చేతిలో పెడతారుగా, అందుకు. నిన్న నేనూ ఆ యాప్‌లో చేరి అన్నిటికీ సరే కొట్టాను. మా పేషెంటు ‘అరుపుల సారు’ ఇక నా దగ్గర నోరు తెరవనంటున్నారు."

"మీరు కూడా చదవలేదా? డాక్టరు కదండీ!"

"పళ్లకే. ముందు ఆ పేరు మార్చండి."

"మీరు మార్చండి, నేనూ మారుస్తా."

"ముందు మీరు."

"ఇద్దరం ఒకేసారి మారుద్దాం. కాఫీకి పదండి, అక్కడ."

అనేశాక గానీ తాను అడిగేశాడని ఆయనకు తెలియలేదు. ఆమె సూట్‌కేసు తీసుకోకుండానే బయల్దేరింది.

కాఫీ దగ్గర ఇద్దరూ పేర్లు మార్చుకున్నారు, యాప్ తీసేశారు. సంగతి ఏదో ఒకటి తేలేదాకా అక్కకు కూడా చెప్పకూడదనుకున్నారు. మర్నాడు షట్టరు ఎత్తేసరికి ఇద్దరి ఫోన్లకూ పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల ప్రకటనలు వచ్చి ఉన్నాయి.