సాదిర్‌బాయ్ గారి నిరాడంబర అంత్యక్రియలు

మా జిల్లాలో చావు విందు అనే దురాచారాన్ని రూపుమాపిన ఘనత దర్శకుడు కుబాత్‌దేనని ప్రభుత్వం వారు ప్రకటించి ఉన్నారు. కాదనడానికి మనమెవరం? ఈ నారిన్ కొండల్లో ఒక మనిషి పోతే వెంట ఒక గుర్రం కూడా పోవాలి. పోయినవాడు దాన్నెక్కి ఎక్కడికీ పోడు. వచ్చినవాళ్ళు దాన్ని తిని ఇళ్ళకు పోతారు. మిగిలింది సంచుల్లో కట్టుకుని మరీ పోతారు. ఈ అన్యాయం చూసి కడుపు రగిలిన కుబాత్ ‘టీ చాలు’ అని ఒక సినిమా తీశాడు. చావింటికి వచ్చినవాళ్ళకు టీ, రొట్టె పెడితే చాలు, గుర్రాన్ని కొయ్యకండి అన్నది అందులో సందేశం.

షూటింగ్‌లో చిన్న చిక్కు వచ్చింది. ఏడవడానికి పిలిపించిన ఊరివాళ్ళం, అంటే మేమే, ఖాళీ పళ్ళేల ముందు కూర్చుంటే ఏడుపు రాదని తేల్చి చెప్పాం. కళ కోసం తప్పదని ఒక గుర్రాన్ని కోశారు. బ్రహ్మాండంగా ఏడ్చాం. అంతలో మబ్బు పట్టి దృశ్యం చెడిపోయింది. మర్నాడు మళ్ళీ ఏడవాలన్నారు. సరే, ఇంకో గుర్రం. గుర్రాల్ని కాపాడే సినిమాలు ఇంకొన్ని తీస్తే జిల్లాలో గుర్రమన్నది కనపడదని మా కాపరులు బెంగపెట్టుకున్నారు.

సినిమా చూసి కన్నీరు పెట్టనివాడు లేడు. హాల్లోంచి బయటికొస్తూ ఒకావిడ, “ఆ గుడారానికి కట్టిన నీలం ముఖమల్ ఎంత బాగుందే, మా అత్తగారికి అచ్చం అట్లాగే చెయ్యాలి” అంది. అత్తగారు పక్కనే నడుస్తోంది. ఆవిడకూ నచ్చింది. అప్పట్నించి మా చావులు సినిమా స్థాయికి ఎదిగాయి. నీలం ముఖమల్ లేకుండా పోవడానికి పరువు గల ముసలాళ్ళెవరూ ఒప్పుకోవడం లేదు.

కుబాత్‌ను ఊరూరా సభలకు పిలిచారు. పొదుపు మీద మాట్లాడించి, ఆపైన గుర్రపు మాంసంతో భోజనం పెట్టారు. వద్దంటే పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారని తినేవాడు. మరీ నొచ్చుకుంటారేమోనని మారు కూడా వడ్డించుకునేవాడు.

ఇంతమందిలో ఆ సినిమాను నమ్మినవాడు ఒక్కడున్నాడు. కుబాత్ తండ్రి సాదిర్‌బాయ్. జీవితమంతా మందలు కాసి, చివరికి జీర్దే అనే ఎర్ర గుర్రంతో మిగిలినవాడు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. మంచాన పడ్డాక కొడుకునీ కూతురు అనార్‌కుల్‌నీ దగ్గరకు పిలిచాడు.

“ఒరే, నేను పోతే జీర్దే జోలికి వెళ్ళకండి. దాని మానాన దాన్ని మేతకు వదిలెయ్యండి. నీ సినిమాలో చెప్పావే, అట్లా.”

“అట్లాగే నాయనా, మాటిస్తున్నా” అన్నాడు కుబాత్. నిజంగానే ఏడుపొచ్చింది వాడికి.

“విన్నాను తమ్ముడూ” అంది అనార్‌కుల్. ఆవిడకు తమ్ముడి సంగతి చిన్నప్పట్నించీ తెలుసు.

సాదిర్‌బాయ్ పోయాడు. కుబాత్ మాట మీద నిలబడ్డాడు. టీ, రొట్టె తప్ప ఇంకేం లేదని కబురు పంపాడు. ఊరు గుసగుసలాడింది. “సినిమాలో రెండు గుర్రాలు కోయించినవాడికి కన్నతండ్రికి ఒక్కటి కొయ్యడానికి చేతులు రాలేదు” అన్నది మేమే. అయినా వాడు చలించలేదు. అక్క మొదటిసారి తమ్ముణ్ణి చూసి గర్వపడింది.

అంతలో జిల్లా అధికారి తొలొగొన్ గారు ఫోన్ చేశారు.

“కుబాత్ గారూ, మా ప్రగాఢ సంతాపం. తమరు చేస్తున్నది దేశానికే ఆదర్శం. నాన్నగారి నిరాడంబర అంత్యక్రియల్ని భారీ ఎత్తున జరిపిద్దాం.”

జరిపించారు. నీలం ముఖమల్ గుడారాలు లేచాయి. ‘టీ చాలు’ అని వీధి పొడుగునా గుడ్డ కట్టారు. పక్క జిల్లాల అధికారులు, వాళ్ళ సహాయకులు, సహాయకుల డ్రైవర్లు, టీవీ వాళ్ళు కనుమ దాటి దిగారు. కెమెరాకు వెలుతురు చాలక ఖననం కాసేపు వాయిదా పడింది. జీవితంలో ఎవర్నీ కాచుకోబెట్టని సాదిర్‌బాయ్ ముల్లాను కూడా కాచుకోబెట్టాడు.

అంతా ముగిశాక టీ పోశారు. తాగారు. మళ్ళీ పోశారు. మళ్ళీ తాగారు. ఎవరూ లేవలేదు. తొలొగొన్ గారు చిరునవ్వుతో, “నాకైతే టీ చాలు. పాపం, కనుమ దాటి వచ్చినవాళ్ళ సంగతే ఆలోచిస్తున్నా” అన్నారు.

ఊరి పెద్ద ఒకాయన కుబాత్‌ను గుడారం వెనక్కి లాక్కెళ్ళాడు. “ఇంతమంది అధికారుల్ని టీ నీళ్ళతో పంపిస్తావా అబ్బాయ్? నలుగురూ ఏమనుకుంటారు?”

“గొర్రెను కోద్దాం” అన్నాడు కుబాత్.

“జిల్లా అధికారికి గొర్రెనా? పెద్ద అతిథికి పెట్టే తుంటెముక ఆయన ముందు పెడితే గుర్రందే పెట్టాలి.”

మందలన్నీ కొండ మీద వేసవి మేతకు వెళ్ళాయి. ఊళ్ళో ఉన్న గుర్రం ఒక్కటే. పెరట్లో నిలబడి, ఈ హడావుడి ఏమిటా అని చెవులు రిక్కించి చూస్తోంది.

కుబాత్ చాలాసేపు ఆలోచించాడు. చదువుకున్నవాడు కాబట్టి ఆలోచన దొరికింది. నాన్న మాట గొప్పదే. కానీ ఉద్యమం ఇంకా గొప్పది. అధికారులు ఆకలితో వెనక్కి వెళ్తే ఉద్యమానికి మద్దతు పోతుంది. మద్దతు పోతే జిల్లాలోని గుర్రాలన్నిటికీ చేటు. కాబట్టి గుర్రాల మేలు కోరి ఈ ఒక్క గుర్రం ప్రాణత్యాగం చెయ్యాలి. తనలో ఇంత తర్కం ఉందని వాడికే తెలియదు.

అనార్‌కుల్ జీర్దే మెడతాడు పట్టుకుని నిలబడి ఉంది. తమ్ముడి మొహం చూడగానే ఆవిడకు అర్థమైంది.

“మాటిచ్చావు.”

“ఈ ఒక్కసారికే అక్కా.”

“నాయన ఒక్కసారే పోయాడురా” అంది. తాడు వదిలేసింది. “నీ సినిమా నమ్మాడు పిచ్చాయన. చదువు లేదు కదా.”

కుబాత్ ఆ తర్వాత గుడారం ముందు నిలబడి, ఆచారం ప్రకారం కర్ర మీద వాలి గొంతెత్తి ఏడ్చాడు. తండ్రి కోసమో, గుర్రం కోసమో, తన కోసమో మేం అడగలేదు. మాంసం ఉడుకుతున్న వాసన వస్తోంది. అలాంటప్పుడు అలాంటివి అడగరు.

తుంటెముక తొలొగొన్ గారి ముందుకు చేరింది. ముసలి గుర్రం, కాస్త గట్టిగానే ఉంది. ఆయన ఓపిగ్గా నమిలి, లేచి నిలబడి, చావు విందులు సమసిపోయిన తొలి జిల్లాగా మా జిల్లాను ప్రకటించారు. కుబాత్ తర్వాతి సినిమాకు సాయం చేస్తామన్నారు. పెళ్ళి విందుల మీద తీస్తే బాగుంటుందని సూచించారు. మేమందరం ఆ మాటకు చప్పట్లు కొట్టేవాళ్ళమే. చేతులు జిడ్డుగా ఉండటం వల్ల కుదరలేదు.