అర్జీ నంబరు ముప్పై ఏడు

బుధవారం పొద్దున వీరేశం పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళేలోపు తన యాప్ మీద వచ్చిన ముప్పై ఏడో ఫిర్యాదును సరిచేయాలి. రాసింది సైదమ్మ, చౌటుప్పల్ పక్క పల్లెలో అరవై గొర్రెలను మేపుకునే ముసలామె. "గీయేడు చిటుక టీకా మెసేజు రాలే. జర సూడు బిడ్డా" అని ఎవరితోనో రాయించింది.

చిటుక అన్న మాట చూస్తేనే వీరేశానికి తండ్రి మంద గుర్తుకొస్తుంది. తొలకరి గడ్డి మేసిన గొర్రెలకు వచ్చే రోగం అది. మందు తెచ్చేలోపే ప్రాణం పోతుంది. పన్నెండేళ్ళ కిందట అతని తండ్రి గుర్వయ్య టీకా తేదీ మరిచిపోయి, రెండు రోజుల్లో నలభై మూడు గొర్రెలను పూడ్చిపెట్టాడు. మళ్ళీ కర్ర పట్టలేదు. ఇప్పుడు రామన్నపేట దారిలో ఎవరివో ప్లాట్లకు కాపలా ఉంటున్నాడు. ఆ గతి ఇంకెవరికీ పట్టకూడదనే వీరేశం, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకుంటూనే, టీకా తేదీలు గుర్తుచేసే 'మంద' యాప్ తయారుచేశాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. దాని కోడ్ కూడా అందరికీ కనిపించేలా బాహాటంగా పెట్టాడు. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా సరిచేయవచ్చు. నాలుగేళ్ళలో చూసినవాళ్ళు చాలామందే. సరిచేసినవాడు జడ్చర్ల అమరేందర్ ఒక్కడు. అతను సరిచేసింది గొర్రె బొమ్మ తోక.

ఫిర్యాదులకు మాత్రం కొదవలేదు. ఫోన్లు ఎత్తలేక, ఏం చెడిపోయిందో ఇంకా ఏం కావాలో రాయమని ఒక పేజీ పెట్టాడు. రాసినవాళ్ళందరికీ జవాబివ్వలేక, నిన్న మంగళవారం దానికో తిరుగు సందేశం కుదిర్చాడు. "మీ అర్జీ అందింది. మీ నంబరు ఫలానా. వరుస ప్రకారం పరిశీలిస్తాం." ఆ మాటలు ఎక్కడి నుంచి తోచాయో అతనికే తెలియదు. చిన్నప్పుడు తండ్రి వెంట ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు చేతికొచ్చిన రసీదుల్లోవి కావచ్చు.

ల్యాప్‌టాప్ తెరిచేసరికి, నిన్నటిదాకా నలభై ఒకటిగా ఉన్న ఫిర్యాదులు నాలుగు వందల పన్నెండయ్యాయి. వీరేశం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇరవై గొర్రెలు కావాలని ఒకరు. బోరు ఎండిపోయిందని ఒకరు. మూడు నెలలుగా పింఛను రావడం లేదని ఒకరు. గొర్రెలు వద్దు, బర్రె ఇప్పించమని ఇంకొకరు.

గొర్రెల పెంపకందారుల సంఘం పెద్ద మల్లేష్‌కు ఫోన్ చేశాడు.

"ఏందన్నా గిది?"

"నంబర్లిస్తున్నవంట గదా తమ్మీ! వాట్సాప్ గ్రూపుల వెట్టిన. నంబరు లేనోళ్ళు జల్ది రాసుకోండ్రి అని."

"నంబరంటే ఏం లేదన్నా. ఎన్నొచ్చినయో ఎరుకయ్యేతందుకు."

"అందరు గట్లనే అంటరు. మా అక్కకు ఇల్లు మంజూరైనప్పుడు సుత ముందుగాల నంబరే వచ్చింది."

"గిది సర్కారుది కాదే!"

"కాకపోతే 'వరుస ప్రకారం పరిశీలిస్తం' అని ఎవలు రాస్తరు తమ్మీ?"

వీరేశం ఫోన్ పెట్టేశాడు. పది గంటలకల్లా ఫిర్యాదులు ఆరు వందలు దాటాయి. పేజీ కదలడం మానేసింది. సైదమ్మ ఫిర్యాదు ఎక్కడో అడుగున పడిపోయింది.

"గిన్ని ఎప్పుడు సదువుతవు? అన్ని ఒక్కపాలి కొట్టెయ్యరాదు!" అంది భార్య స్వరూప, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

కొట్టేశాడు. ఒక్క నొక్కుతో ఆరు వందల నలభై రెండూ ముగిసిపోయాయి. అందరికీ "మీ అర్జీ పరిశీలన పూర్తయింది" అని సందేశం వెళ్ళింది. మిగిలిన ఫిర్యాదుల దగ్గర సున్నా కనిపించింది. నాలుగేళ్ళలో ఆ సున్నాను చూడడం అదే మొదలు. వీరేశం చాయ్ తాగుతూ దానివైపే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు సగమయ్యేసరికి, కొట్టేసినవాటిలో ముప్పై ఏడు కూడా పోయిందని తట్టి, గ్లాసు పక్కన పెట్టేశాడు.

దాన్ని వెతికి పట్టుకునేసరికి పన్నెండయింది. అప్పుడే వీధిలో గొర్రెల అరుపులు వినిపించాయి. ఒక మంద అరుపులు కావవి.

పథకం ఏదైనా ముందు కాగితాలు చూస్తారని, తరువాత మనుషులొచ్చి కళ్ళతో చూస్తారని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరికీ అనుభవమే. పరిశీలన పూర్తయిందనగానే మల్లేష్ గ్రూపులో పెట్టాడు: "కాయితాలైనయి. ఇగ గొర్లను సూస్తరు. మనమే తోలుకపోతే పని జల్దైతది." నడిచి వచ్చినవాళ్ళు, ట్రాలీ ఆటోల్లో వచ్చినవాళ్ళు, గొర్రెలు లేక పక్కింటివి అడిగి తెచ్చినవాళ్ళు, అందరూ వీరేశం గుమ్మం ముందే ఉన్నారు.

"ఇల్లు ఇద్దరికని కిరాయికిచ్చిన వీరేశం!" అని ఇంటి ఓనరు రామచంద్రం మేడ మీంచి అరుస్తున్నాడు.

వీరేశం అరుగెక్కాడు. "నేను గొర్లిచ్చేటోణ్ణి గాదు. అర్జీలన్ని ఒక్కపాలే కొట్టేసిన. ఎవ్వలవీ సదవలే."

"నాది సుత సదవలేదా బిడ్డా?" అంది సైదమ్మ ముందు వరుసలోంచి.

అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. "నీదొక్కటే సదివిన అవ్వా. సరిజెయ్యలే. టీకా తారీకు దాటి పది రోజులైంది."

"మెసేజు మాకు సుత రాలే" అన్నాడు మల్లేష్ మెల్లగా. "రాలేదంటే టీకా ఇంక దూరముందనుకున్నం. నీ యాప్ వచ్చినంక తారీకు యాదివెట్టుకునుడే బందు వెట్టినం తమ్మీ."

వీరేశం అరుగు మీదే కూలబడ్డాడు. తండ్రి తానొక్కడే మరిచాడు. తాను ఇంతమందిని మరిపించాడు. తొలకరికి ఇంక పదిహేను రోజులు కూడా లేవు. తండ్రి తవ్విన గొయ్యి కళ్ళ ముందు మెదిలి ఏడుపొచ్చింది.

వీధి చివర ఒక జీపు ఆగకుండా హారన్ కొడుతోంది. గొర్రెలు జరగలేదు. చివరికి పశువుల డాక్టరు నాగరాణి కోపంగా దిగి వచ్చింది. వేరే ఊళ్ళో టీకాలు వేయడానికి వెళ్తోంది ఆమె.

"ఏం జాతర ఇది? అసలు వీటికి చిటుక టీకా పడ్డదా?"

మల్లేష్ అడ్డంగా తల ఊపాడు. డాక్టరు ఒకసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. ఆమె కోపం పోయింది. "ఊరూరు తిరిగినా ఇన్ని గొర్లు ఒక్కకాడ దొరకవు నాకు. మందు బండ్లనే ఉంది. పట్టుకోండి!"

సాయంత్రానికి వెయ్యికి పైగా గొర్రెలకు టీకాలు పడ్డాయి. వీరేశం కాళ్ళు పట్టాడు, చెవులు పట్టాడు, రెండు తన్నులు తిన్నాడు. షిఫ్టు పోయింది. గొర్రెను పట్టడం చేతులకు ఇంకా గుర్తుందని తెలిసి అతనికి సంతోషం, దిగులు రెండూ కలిగాయి.

సైదమ్మ పోతూ పోతూ ఆగింది. "ముప్పై ఏడు నాదే బిడ్డా. పనైంది. ఇగ కొట్టెయ్."

"కొట్టేసే ఉందవ్వా" అన్నాడు.

"ఇయ్యాలటి తారీకు యాప్‌లో ఎక్కించండి. వచ్చే ఏడన్నా గుర్తుచెయ్యాలె గదా" అని చెప్పి డాక్టరు జీపెక్కింది.

వీరేశం కూర్చుని తేదీ కొట్టాడు. యాప్ తీసుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అది కిందటేడు దగ్గరే ఆగిపోయి ఉంది. కోడ్ వైపు చూస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఎవరికి చెప్పుకోవాలో తోచక, ఫిర్యాదుల పేజీ తెరిచి "తేదీ తీసుకోవడం లేదు, జర చూడగలరు" అని రాసి పంపాడు.

వెంటనే జవాబు వచ్చింది. "మీ అర్జీ అందింది. మీ నంబరు ఆరు వందల నలభై మూడు. వరుస ప్రకారం పరిశీలిస్తాం."

అది చదివాక వీరేశానికి కొంచెం ధైర్యం వచ్చింది.