కాకిదండు కోసం నిరాహార దీక్ష

కాకిదండు రాణి హంసల ధాన్యం కొట్టు తగలబెట్టిందన్న వార్త తెలిసిన ఉదయం, జంషెడ్‌పూర్ సోనారిలో భీమశంకర్ ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఊళ్ళో ఎక్కడో అగ్నిప్రమాదం జరిగిందనుకునేరు! ఆ రాణీ లేదు, ఆ కొట్టూ లేదు. ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన దగ్గర్నుంచి మన భీమశంకర్ కంప్యూటర్‌లో ఆడుతున్న ఆట అది. దేశదేశాల వాళ్ళు ఒకేసారి కూర్చుని ఆడతారు. అందులో రెండు పక్షాలు, కాకిదండూ హంసదండూ. ఎవరికి నచ్చిన పక్షంలో వాళ్ళు చేరి కత్తులు తిప్పుకోవచ్చు గానీ, కథ మాత్రం ఆట తయారుచేసే కంపెనీ వాళ్ళే రాసి, అధ్యాయాలుగా వదులుతుంటారు. రోలింగ్ మిల్లులో పగలంతా ఎర్రటి ఇనుముతో కుస్తీ పట్టే ఈ ఇంజనీరుగారు, సాయంత్రమయ్యేసరికి నల్ల ఈకల కిరీటం పెట్టుకుని కాకిదండుకి సేనాపతి అయిపోతాడు.

చిక్కల్లా ఆ కథ రాసేవాళ్ళతోనే వచ్చింది. ఏ అధ్యాయం చూసినా తప్పు కాకులదే. హంసల రాజు ఊరికి ఊరే ముంచేసినా, వెనక వేణువు వాయించి మరీ ఆయన చేత కన్నీళ్ళు పెట్టిస్తారు. కాకుల రాణి తుమ్మితే చాలు, ఉరుములు మెరుపులు వేసేస్తారు.

"ఇదెక్కడి న్యాయం కుసుమా? మొన్నటిదాకా దిక్కులేని పిల్లలకి అన్నం పెట్టిన తల్లి. ఇవాళ ఉన్నట్టుండి కాగడా పట్టుకుందంట! ఎందుకు పట్టుకుందో చెప్పాలా, వద్దా?"

"ఇడ్లీ తినండి," అంది కుసుమ.

"కొట్టు తగలబెట్టిందని చెప్పేరు. అంతకుముందు ఆ హంసలు ఏటి చేసేరో చెప్పలేదు. అసలు సంగతి ఎగ్గొట్టేసి కథ చెప్తే, ఎంత మంచోళ్ళయినా రాక్షసులైపోరేటి?"

కుసుమ చట్నీ గిన్నె పట్టుకుని ఆగిపోయింది. "ఏటన్నారూ? ఇంకోసారి అనండి."

ఇన్నేళ్ళ కాపురంలో తన మాట పెళ్ళాం రెండోసారి అడిగి వినడం ఇదే మొదలు. భీమశంకర్ పొంగిపోయి, చెయ్యి తిప్పుతూ మళ్ళీ అన్నాడు.

"బాగుంది. గుర్తెట్టుకోండి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ ఎందుకు ఆగిందో తెలియాలంటే, ఆ ఇంట్లో చెలామణీలో ఉన్న ఇంకో కథ సంగతి చెప్పాలి. ఇంటికి ఎవరొచ్చినా, టీ కప్పులు చేతికి రాగానే భీమశంకర్ తన పెళ్ళి కథ మొదలెడతాడు. ఊళ్ళోనే బారిడీహ్ నుంచి అక్క కస్తూరమ్మ కూడా వచ్చిందంటే ఇక జంట కచేరీయే.

"నలభైమందిమి తరలి వెళ్ళేం. రైలు దిగేం. స్టేషన్లో పలకరించే దిక్కు లేదు!" అని తమ్ముడు.

"మేళం లేదు, మంచినీళ్ళు లేవు. మా పెదనాన్న హోల్డాల్ మీద కూలబడి కళ్ళు ఒత్తుకున్నాడు," అని అక్క.

వచ్చినవాళ్ళు పగలబడి నవ్వుతారు. కుసుమ ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆవిడ తండ్రి పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసిన పెద్దమనిషి. ఆయన పోయి కొన్నేళ్ళయింది. అయినా జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళందరికీ ఆయన, స్టేషనుకి రాని మామగారిగానే తెలుసు. కుసుమకి ఆ బాధ లోపల అలాగే ఉండిపోయింది. మొదట్లో ఒకటి రెండుసార్లు నోరు విప్పింది. "కథ మధ్యలో అడ్డం రాకు," అన్నాడు మొగుడు.

సరే, మళ్ళీ కాకుల దగ్గరికొద్దాం. రాణికి జరిగిన అన్యాయానికి నిరసనగా కాకిదండు వాళ్ళంతా ఫొటోలు దిగి కంపెనీ సైటులో పెట్టాలని పిలుపొచ్చింది. జర్మనీవాడెవడో గుండు చేయించుకున్నాడు. కొరియా పిల్లెవరో ఒళ్ళంతా ఈకలు అంటించుకుంది. భీమశంకర్‌కి పౌరుషం వచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నాలు చూస్తూ ముసలివాడవుతున్న మనిషి, ఒక గుండుకి తీసిపోతాడా?

"నిరాహార దీక్ష!" అన్నాడు.

పక్కింటి అప్పలసూరికి చెబితే ఎగిరి గంతేశాడు. ఎన్నో గేటు మీటింగులు నడిపిన యూనియన్ మనిషి. ఒక ఆఫీసరు దీక్షకి కూర్చుంటానంటే వదులుకుంటాడా?

"దీక్షంటే టెంటుండాలి, బేనరుండాలి, మెడలో దండ ఉండాలి బాబూ. ఆకలంటారా, అది తర్వాత సంగతి."

ఆ చివరి మాట భీమశంకర్‌కి బాగా నచ్చింది. అతని పథకమూ అదే. ఆదివారం పొద్దున్నే పెసరట్లు దిట్టంగా లాగించి టెంటులో కూర్చోవాలి. ఫొటోలు దిగాలి. మధ్యాహ్నానికి లేచి కోడికూరతో అన్నం తిని పడుకోవాలి. ఎంత ఆకలి ఉందో ఫొటోలో పడదు కదా!

"కోడికూర కొంచెం ఎక్కువ చెయ్యి," అన్నాడు పెళ్ళాంతో.

"అలాగే. చాలా ఎక్కువే చేత్తాను," అంది కుసుమ. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆదివారం ఇంటి గేటు ముందు టెంటు లేచింది. నల్లరాణికి న్యాయం జరగాలని కూతురు సాహిత్య ఇంగ్లీషులో బేనరు రాసింది. ఫొటోలు తీస్తూనే, "పాపా, మేరీ సహేలియా దేఖేంగీ తో క్యా బోలేంగీ?" అని నెత్తి కొట్టుకుంది.

"చరిత్ర చూత్తాదమ్మా, నీ ఫ్రెండ్స్ కాదు," అన్నాడు తండ్రి, మెడలో బంతిపూల దండ సర్దుకుంటూ.

చరిత్ర సంగతేమో గానీ, వీధంతా చూసింది. స్కూటర్లు ఆగాయి, ఆటోలు ఆగాయి. "క్యా హువా భాయ్? బోనస్ కా మామ్‌లా హై క్యా?" అని బోనస్ గొడవేమోనని అడిగినవాళ్ళు కొందరు. ఇంట్లో అన్నం పెట్టడం లేదేమోనని గుసగుసలాడుకున్నవాళ్ళు ఇంకొందరు. కబురు బారిడీహ్ దాకా పాకి, కస్తూరమ్మ ఆటోలోంచి దిగుతూనే శోకాలు మొదలెట్టింది.

"ఒరే శంకరం! అన్నం మానేసేవంటరా! ఆ కుసుమ నిన్ను ఏటి చేసిందిరా?"

"కుసుమ కాదప్పా, ఇది రాణి కోసం!"

"రాణా? అదెవర్తిరా!"

ఆవిడకి కాకులూ హంసలూ ఆటా కథా అన్నీ విడమరచి చెప్పేసరికి భీమశంకర్ తిన్న పెసరట్లన్నీ అరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మసాలా ఘాటు గుప్పుమంది. ఇక చాలనుకుని లేచాడు.

ఎదురుగా కుసుమ ఇంకో దండ పట్టుకుని నిలబడింది. "ఎక్కడికండీ లేచేరు? కంపెనీ వాళ్ళు డిమాండు ఒప్పుకున్నారా?"

"అది కాదే... భోజనం..."

"అప్పలసూరి గారూ, డిమాండు తీరకుండా దీక్షలోంచి లేచిపోతే ఏటంటారండి?"

"ద్రోహం అంటారమ్మా!" అన్నాడు అప్పలసూరి, ఎప్పటి అలవాటు కొద్దీ పిడికిలి ఎత్తి.

"మరి కోడికూరో?" అన్నాడు భీమశంకర్ నీరసంగా.

"దీక్ష చేసే మనిషికి కోడికూర పెట్టి ఆ పాపం నేను మూటగట్టుకోనా? అది మీకు మద్దతిచ్చినోళ్ళకి," అంది కుసుమ.

అన్నంత పనీ చేసింది. విస్తళ్ళు పరిచి, వచ్చిన వాళ్ళందరికీ దగ్గరుండి వడ్డించింది. భీమశంకర్ బేనరు కింద కూర్చుని ఒక్కొక్క ముక్క ఒక్కొక్కరి నోట్లోకి వెళ్ళడం కళ్ళారా చూశాడు. సాహిత్య అది కూడా ఫొటో తీసింది.

లెగ్ పీసు చేతికొచ్చాక కస్తూరమ్మ దుఃఖం తగ్గింది. కడుపు నిండేసరికి నోరు దాని అలవాటులో పడింది. "ఈ ఇంట్లో మావాడు పస్తుండడం కొత్తేటి? పెళ్ళినాడే మొదలైంది. రైలు దిగేం. స్టేషన్లో పలకరించే దిక్కు లేదు..."

అలవాటు చొప్పున తన వంతు అందుకోవడానికి భీమశంకర్ కూడా నోరు తెరిచాడు.

"ఆగండి," అంది కుసుమ. ఆవిడ ఒక చేతిలో నిమ్మరసం గ్లాసుంది, రెండో చేతిలో పొగలు కక్కే అన్నం కంచం ఉంది. "అసలు సంగతి ఎగ్గొట్టి కథ చెప్తే ఏటవుతాదని చెప్పేరు మీరు మొన్న?"

"మంచోళ్ళు కూడా... రాక్షసులైపోతారు," అన్నాడు భీమశంకర్ కంచం వైపు చూస్తూ.

"అయితే చెప్పండి. రైలు ఏ స్టేషన్లో దిగేరు?"

టెంటు కింద నమలడం ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వింటున్నవాళ్ళలో ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు. కస్తూరమ్మ ఎముక పట్టుకుని, "ఒరే, నువ్వు మాట్టాడకు," అంది.

భీమశంకర్ అక్కని చూశాడు. బేనరు మీది రాణి పేరు చూశాడు. కోడికూర కూడా చూశాడనుకోండి.

"సోంపేటలో," అన్నాడు.

"పెళ్ళెక్కడ?"

"పలాసలో."

అందరూ ఘొల్లున నవ్వారు. కుసుమ నవ్వలేదు. "మా నాన్న పలాస స్టేషన్లో సన్నాయి మేళం పెట్టించి, నలభైమందికి జీడిపప్పు ఉప్మా చేయించి నిలబడ్డారు. వీళ్ళు పేకాట ధ్యాసలో పలాస రాకముందే దిగిపోయేరు. సంగతి తెలిసి మా నాన్న లారీ కట్టించుకుని సోంపేట పరిగెట్టేరు. వెళ్ళి మొదట ఏటన్నారో తెలుసా? 'తప్పు మాదే బావగారూ, మేమే ఇక్కడిదాకా రావల్సింది' అన్నారు."

ఇంకెవరూ నవ్వలేదు. కస్తూరమ్మ ఎముక విస్తట్లో పెట్టేసి, "అవునమ్మా. మంచి మనిషి," అంది మెల్లగా.

అప్పలసూరి గొంతు సవరించుకుని ఒప్పందం ప్రకటించాడు. ఇక మీదట ఆ ఇంట్లో పెళ్ళి కథ చెప్పే హక్కు కుసుమమ్మదే. భీమశంకర్ తల ఊపి నిమ్మరసం తాగాడు. కూర గిన్నెలో అతనికి మెడ ముక్కా, కాస్త పులుసూ మిగిలాయి.

కంపెనీ సైటులో సాహిత్య పెట్టిన ఫొటోకి, అంటే సేనాపతిగారు పక్కవాడి విస్తరి వైపు నోరు తెరుచుకుని చూస్తున్నదానికి, ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని కంపెనీ జవాబిచ్చింది. తర్వాతి అధ్యాయంలో, కొట్టు చాలదన్నట్టు పశువుల పాకకి కూడా రాణే నిప్పంటించింది.

ఆ వారమే బాగ్‌బేరా నుంచి రైల్వే సూర్యంగారి కుటుంబం వచ్చింది. టీ కప్పులు చేతికందగానే కుసుమ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నలభైమంది సోంపేటలో దిగిపోయేరండి. పెళ్ళికొడుకైతే ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉప్మా, ఉప్మా అని ఒకటే ఏడుపు!"

"నేనెప్పుడు ఏడ్చేనే?" అన్నాడు భీమశంకర్ ఉలిక్కిపడి.

"కథ మధ్యలో అడ్డం రాకండి," అంది కుసుమ.

సూర్యంగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. భీమశంకర్ లేచి, ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పాడు. ముందుగదిలో కుసుమ గొంతు మెత్తబడింది. "మా నాన్న పలాస స్టేషన్లో సన్నాయి మేళంతో..." అంటోంది.

సరిగ్గా వినబడటం లేదని కుళాయి కట్టేశాడు.