కథ అయిపోనాది

మార్గశిరం వచ్చిందంటే అరసవల్లిలో అందరికీ వేళ్ళు కొంకర్లు పోతాయి. జగన్నాధానికి మాత్రం బుర్ర కొంకర్లు పోతుంది. కిరాణా కొట్టు తమ్ముడికి ఒప్పజెప్పి కథల్లో పడ్డ మనిషాయన. ఎండాకాలమంతా "చల్లబడనీ, రాస్తాను" అంటాడు. చలికాలమంతా "ఎండ రానీ, రాస్తాను" అంటాడు. ఈ లెక్కన రెండేళ్ళుగా ఒక్క కథా అచ్చులోకి ఎక్కలేదు. ఇప్పుడు ఒక పత్రిక చలికాలం ప్రత్యేక సంచికలో చోటిస్తామంది. ఆదివారం మధ్యాహ్నం లోగా కథ రాకపోతే ఇక మీ పేరు మరిచిపోతామని సంపాదకుడు ప్రదీప్ ఖండితంగా చెప్పాడు. ఈ కథా పడకపోతే మళ్ళీ కొట్లో కూర్చుని కందిపప్పు తూచాల్సిందేనని భార్య గౌరి అంతకంటే ఖండితంగా చెప్పింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. జగన్నాధం ప్యాడ్ ముందేసుకుని "ఆ ఉదయం చాలా చలిగా ఉంది" అని రాశాడు. రాసింది నిజమే కాబట్టి పెన్ను మూసేసి మంకీ క్యాప్ పెట్టుకున్నాడు.

"మేడ మీద ఎండలో కాసేపు నడుం వాలుస్తాను. మిగతా కథ అదే వస్తాది," అన్నాడు, తెల్లటి పొందూరు ఖద్దరు దుప్పటి భుజాన వేసుకుంటూ.

"ఆ ప్రదీపు ఫోన్ సేస్తే ఏటి సెప్పాల?"

"కథ అయిపోనాది, ఆయన పైకెల్లారు అని సెప్పి పెట్టెయ్. ఇంకేటీ మాటాడకు. మాటాడితే దొరికిపోతాం."

జగన్నాధం మేడెక్కి, దుప్పటి ముసుగు తన్ని, కథ కోసం కళ్ళు మూసుకున్నాడు. కథకంటే ముందు నిద్ర వచ్చింది.

కింద ఫోన్ మోగింది. చేసింది ప్రదీప్ కాదు, కోటబొమ్మాళి నుంచి జగన్నాధం చెల్లెలి మొగుడు గోవిందరావు. కానీ మూడు రోజులుగా పడిశం పట్టి, చెవులకు మఫ్లర్ చుట్టుకున్న గౌరి అది ప్రదీప్ గొంతే అనుకుంది.

"ఆయనేటి సేస్తన్నారమ్మా?"

గౌరి ముక్కు గట్టిగా ఎగబీల్చింది. "ఆరి కథ... అయిపోనాదండి. పైకెల్లిపోనారు," అని బొంగురు గొంతుతో చెప్పి పెట్టేసింది. బాగానే అబద్ధమాడానని సంతోషించి, ఫోన్ బల్ల మీదే వదిలేసి, తలుపుకు గొళ్ళెం పెట్టి రైతుబజారుకు బయల్దేరింది.

గోవిందరావు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పాపం, ఏడుపులో ఎలా ఎత్తుతుందని తనూ కళ్ళు తుడుచుకుని, శ్రీకాకుళంలో రచయితల సంఘం కార్యదర్శి రమేష్‌బాబుకు కబురు చెప్పి బస్సెక్కాడు.

రమేష్‌బాబుకూ జగన్నాధానికీ ఉప్పూ నిప్పూ. జగన్నాధం కథ చదివితే నిద్రమాత్రల ఖర్చు తప్పుతుందని సభల్లో బాహాటంగా అనేవాడు. అయినా చావు దగ్గర పగలేమిటని పెద్ద దండ కొని, పదిమంది సభ్యులను ఆటోల్లో ఎక్కించుకుని వచ్చాడు. గొళ్ళెం తీసి చూస్తే ఇంట్లో ఎవరూ లేరు. ఆసుపత్రి నుంచి ఇంకా తీసుకురాలేదు కాబోలనుకుని, గోడ మీది ఫొటో దించి కుర్చీలో పెట్టి దండ వేశారు. గోవిందరావు కూడా వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

అప్పుడు బల్ల మీద ప్యాడ్ రమేష్‌బాబు కంటబడింది.

"ఆ ఉదయం చాలా చలిగా ఉంది," అని పైకి చదివి కళ్ళజోడు తీసేశాడు. "చూశారా! మృత్యువు చల్లదనాన్ని ముందే పసిగట్టాడు. ఒక్క వాక్యంలో జీవితమంతా చెప్పేశాడు. ఇలాంటి కథకుడు ఈ జిల్లాలో మళ్ళీ పుట్టడు!"

వెంటనే ప్రదీప్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ప్రదీప్ అప్పటికప్పుడే మాటిచ్చాడు. "ఒక్క అక్షరం మార్చం సార్. అట్ట మీద ఫొటో వేసి, దాని కింద ఆ వాక్యమే వేస్తాం."

ఈ సందడికి లేచిన జగన్నాధం మేడ మెట్ల మలుపులో నిలబడి అంతా విన్నాడు. తను పోయానని అర్థమైంది. కిందికి దిగబోయాడు. కానీ రమేష్‌బాబు ఇంకా పొగుడుతున్నాడు. పాతికేళ్ళుగా వినని మాటలు. ఇంకొంచెం విని దిగుదామని మెట్టు మీద కూర్చున్నాడు.

ఇంతలో గౌరి కూరల సంచితో వచ్చింది. కుర్చీలో ఫొటో, దానికి దండ, గుమ్మంలో గోవిందరావు. సంచి జారి వంకాయలు దొర్లాయి.

"ఓలమ్మో! నానిలా ఎల్లొచ్చేసరికే ఏటైపోనాడో నా మొగుడు! కందిపప్పు తూసుకోమని తిట్టేసినానే! ఒక్క కథా రాయకపోయినా బతికుంటే సాలునే!"

రమేష్‌బాబు పొగడ్తలకు కదలని జగన్నాధం ఆ ఏడుపుకు ఆగలేకపోయాడు. మంకీ క్యాప్‌తో, తెల్ల దుప్పటితో గబగబా దిగి, "ఊరుకోయే గౌరీ, నేనున్నానే!" అన్నాడు.

సభ్యులు గేటు దాకా పరుగెత్తారు. గోవిందరావు ఫొటోకు వేసిన దండలో చిక్కుకుని కుర్చీతో సహా పడ్డాడు. గౌరి ముందు మొగుణ్ణి గిల్లి చూసింది. తర్వాత కూరల సంచితో ఒకటి వేసింది.

"నీ ఇంటిది పైకెల్లిపోనాడంది కదేటి బావా!" అన్నాడు గోవిందరావు కింద నుంచే.

"మేడ పైకి!" అంది గౌరి, ముక్కు తుడుచుకుంటూ. "ఈయన సెప్పమన్నదే సెప్పినాను."

రమేష్‌బాబు గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి, ఊపిరి కూడదీసుకుని, "ఇందాక నేనన్న మాటలన్నీ ఉపసంహరించుకుంటున్నాను," అన్నాడు.

బల్ల మీద రమేష్‌బాబు వదిలేసిన ఫోన్‌లో స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. జగన్నాధం ఆశగా ఫోన్ దగ్గరికి వంగాడు. "ప్రదీప్ గారూ, నేను బతికే ఉన్నాను. అట్ట మీద వేస్తామన్నారు కదా, ఆ వాక్యం..."

అవతల ఏదో కాగితం చింపిన చప్పుడైంది.

"చాలా సంతోషం సార్," అన్నాడు ప్రదీప్, ఏమాత్రం సంతోషం లేకుండా. "అయితే బతికున్నవాళ్ళ కథ కనీసం నాలుగు పేజీలుండాలి."